వోస్తోక్ నుంచి సోయుజ్ దాకా: గ్లోబస్ లోపల అసలు ఏం తిరుగుతుంది?

ఆకాశదీపం

వోస్తోక్ అనే తొలి సోవియట్ మనుషుల నౌక ప్యానెల్ ఫొటోలో ముందుగా కంటికి ఆనేది అద్దం కింద ఉన్న చిన్న భూగోళం. 1961 ఏప్రిల్ 12న గగారిన్ ముందు తిరిగింది ఈ రకమే. పేరు గ్లోబస్. తొలి రకాన్ని ఐఎంపీ అన్నారు, రష్యన్‌లో ‘ప్రయాణంలో స్థానం చూపే సూచిక’ అని. తర్వాతి తరం నౌక సోయుజ్‌కి వచ్చేసరికి అది ఐఎన్‌కే, ‘అంతరిక్ష నావిగేషన్ సూచిక’ అయింది. సోయుజ్-టీఎం నౌకల దాకా ఈ గేర్ల గోళమే నడిచింది. 2002లో సోయుజ్-టీఎంఏ ఎగిరినప్పుడు నెప్ట్యూన్ అనే తెరల ప్యానెల్ దాని చోటు తీసుకుంది.

దీన్ని ‘యాంత్రిక జీపీఎస్’ అనడం తరచూ వింటున్నాం. ఆ పోలిక తప్పు. జీపీఎస్ బయటి సంకేతం పట్టుకుని చోటు కనుక్కుంటుంది. గ్లోబస్ ఏదీ కనుక్కోదు. మొదలుపెట్టిన చోటు, ఒక చుట్టుకు పట్టే సమయం మనిషి చెబితే, అక్కడి నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఈ తేడా పట్టుబడాలంటే లోపలి గేర్లు వరసగా చూడాలి. పళ్లచక్రం గారూ, మీరు మొదలుపెట్టండి.

పళ్లచక్రం

బయటి నుంచి లోపలికి వెళ్దాం. సోయుజ్ రకంలో గోళం సుమారు 13 సెం.మీ. వ్యాసం. పైన పారదర్శక గుమ్మటం, దాని మీద కదలని అడ్డగీతలు. గీతలు కలిసిన చోటే నౌక కింద ఉన్న నేల. అంటే నౌకను కదలకుండా ఉంచి, దాని కింద భూమినే తిప్పారు.

గోళం ఒకేసారి రెండు తిరుగుళ్లు తిరుగుతుంది. ఒకటి కక్ష్య తిరుగుడు, సుమారు గంటన్నరకు ఒక చుట్టు. రెండోది భూమి తన ఇరుసు మీద తిరిగే తిరుగుడు, రోజుకు ఒక చుట్టు. కక్ష్య ఇరుసుకూ ధ్రువాల ఇరుసుకూ మధ్య కోణం, అంటే కక్ష్య వాలు, 51.8°. ఇది నాబ్‌తో మార్చేది కాదు, లోహంలోనే బిగించేశారు. అందుకే ఆ యంత్రం ఆ వాలు కక్ష్యకు తప్ప ఇంకో కక్ష్యకు పనికిరాదు. వోస్తోక్ కక్ష్య వాలు 65°, కనుక సోయుజ్ గోళాన్ని దానిలో పెడితే మొదటి పావు చుట్టులోనే దారి తప్పుతుంది.

దీన్ని నడిపేది స్ప్రింగు కాదు, ఎడతెగకుండా తిరిగే మోటారూ కాదు. నౌక నుంచి సెకనుకు ఒక విద్యుత్ పల్స్ వస్తుంది, 27 వోల్టులది. ప్రతి పల్స్‌కూ సోలినాయిడ్ (కరెంటు వస్తే లాగే తీగచుట్ట) ఒకసారి లాగి వదులుతుంది, రాట్చెట్ చక్రం (ఒకే దిక్కుకు జరిగే పళ్లచక్రం) ఒక పన్ను ముందుకు జరుగుతుంది. మిగతా గేర్లన్నిటికీ కదలిక అక్కడి నుంచే. చుట్టుకు 91.85 నిమిషాలు అనుకుంటే 5,511 పల్స్‌లకు కక్ష్య షాఫ్టు ఒక పూర్తి చుట్టు తిరగాలి.

కొత్తరెక్క

నౌకలోని జైరోస్కోపుల (నౌక ఎటు తిరిగిందో పసిగట్టే పరికరాల) నుంచి కూడా దీనికి సంకేతం వస్తుంది కదా? లేకపోతే నౌక ఎటు తిరిగి ఉందో దానికెలా తెలుస్తుంది?

ఆకాశదీపం

రాదు, తెలియదు కూడా. నౌక పల్టీలు కొడుతున్నా గోళం తన లెక్కన తానే తిరుగుతుంది. స్థానం వేరు, నౌక మొహం ఎటు ఉందన్నది వేరు. వోస్తోక్‌లో రెండో పనికి వ్జోర్ అనే దృశ్య పరికరం ఉండేది, కాళ్ల దగ్గర. మధ్యలో ఒక గాజు, చుట్టూ ఎనిమిది చిన్న కిటికీలు. ఎనిమిదింటిలోనూ దిగంతపు అంచు సమానంగా కనిపిస్తే నౌక నేలకు నిట్టనిలువుగా సర్దుకున్నట్టు. మధ్య గాజులో కింది నేల గీతల వెంట ఏ దిక్కుకు జారుతోందో చూసి మొహం తిప్పుకోవాలి. నౌకను కిందికి దింపే బ్రేకు ఇంజను చేత్తో వెలిగించాలంటే రెండూ కావాలి: ఎప్పుడో గ్లోబస్ చెబుతుంది, ఎటో వ్జోర్ చెబుతుంది.

పద్మ_గణితం

లెక్క వైపు నుంచి అందమైన సంగతి ఒకటుంది. ఈ గోళం త్రికోణమితి చేయనక్కర్లేదు. రెండు ఇరుసుల మధ్య సరైన కోణం పెట్టి తిప్పితే చాలు, గోళ జ్యామితి దానంతట అదే జరిగిపోతుంది. గోళమే లెక్క, గోళమే జవాబు.

చిక్కు వచ్చేది అక్షాంశం, రేఖాంశం అంకెల్లో చూపే డయళ్ల దగ్గర. కక్ష్య షాఫ్టు సమాన వేగంతో తిరుగుతుంది, అక్షాంశం అలా పెరగదు. భూమధ్యరేఖ దాటినప్పటి నుంచి షాఫ్టు తిరిగిన కోణాన్ని ‘తి’ అనుకుంటే, అక్షాంశం సైన్ విలువ = 51.8° సైన్ × తి సైన్. తి 30° అయితే అక్షాంశం 23.1°, 60° అయితే 42.9°, 90° దగ్గర 51.8° చేరి అక్కడి నుంచి తిరుగుముఖం. ఈ ఆకారాన్ని ఒక క్యామ్ (తిరుగుతూ తన మీది చేయిని లేపి దింపే వంకర చక్రం) అంచుగా కోసిపెట్టారు. దాని మీద ఆనించిన చేయి లేచి దిగుతుంటే అక్షాంశం డయల్ తిరుగుతుంది.

రేఖాంశం ఇంకా ఇబ్బంది. అది ఒక చుట్టులో 360° పెరుగుతూనే పోతుంది, క్యామ్ మీది చేయి మాత్రం ఎక్కి దిగాల్సిందే, ఎప్పటికీ ఎక్కుతూ పోలేదు. కాబట్టి రేఖాంశాన్ని రెండు ముక్కలు చేశారు: సమానంగా పెరిగే ముక్క గేర్ల నుంచి నేరుగా, మిగిలిన తేడా మాత్రం క్యామ్ నుంచి. తి 30° ఉన్నప్పుడు ఆ తేడా మైనస్ 10.4°, 45° దగ్గర మైనస్ 13.3°, సుమారు 52° దగ్గర అత్యధికంగా మైనస్ 13.6°, 90° దగ్గర సున్న. తర్వాతి పావు చుట్టులో అదే తేడా ప్లస్‌గా వస్తుంది.

పంచాంగ గణితం తెలిసినవాళ్లకు ఇది పాత పద్ధతే. సమాన గతితో మధ్యమ గ్రహం తెచ్చుకుని, దానికి సంస్కారం (సవరణ) చేసి స్ఫుటం (అసలు స్థానం) రాబట్టడం. ఇక్కడ మధ్యమం గేరుది, సంస్కారం క్యామ్‌ది.

పళ్లచక్రం

పద్మ గారూ, ఆ పోలిక బాగా కుదిరింది. ‘కలపడం’ యంత్రంలో ఎక్కడ జరుగుతుందో చెబుతాను.

అది డిఫరెన్షియల్ పని. కారు వెనక ఇరుసులో ఇంజను తిరుగుడును రెండు చక్రాలకు పంచే పెట్టె లాంటిదే, ఇక్కడ తిరగేసి వాడారు: రెండు షాఫ్టుల తిరుగుళ్లు లోపలికి, వాటి మొత్తంలో సగం బయటికి. ఆ సగాన్ని పక్క గేరుతో రెట్టింపు చేస్తే అసలు మొత్తం. సోయుజ్ గ్లోబస్‌లో ఇలాంటివి 10 ఉన్నాయి. రేఖాంశం ముక్కలు కూడటానికి, భూమి తిరుగుడును తీసెయ్యటానికి, యంత్రం నడుస్తుండగానే నాబ్‌తో స్థానం సవరించటానికి, అన్నిటికీ ఇవే. నాబ్ తిప్పితే లోపలి గేర్లు తెగి విడిపోవు. నాబ్ తిరుగుడు కూడా ఒక డిఫరెన్షియల్ గుండా వచ్చి మిగతావాటితో కలుస్తుంది.

చుట్టు సమయం మార్చడం అన్నిటికన్నా కష్టమైన పని. గేరు నిష్పత్తి పళ్ల లెక్కతో స్థిరపడి ఉంటుంది, దాన్ని పావు శాతం మార్చమంటే ఎలా? వాళ్లు వేగాన్నీ రెండు భాగాలు చేశారు: మారని వేగం, దానికి కలిపే కొద్దిపాటి సర్దుబాటు వేగం. ఈ రెండోది శంకువు ఆకారపు క్యామ్ దగ్గర పుడుతుంది. దాని మీది చేయి ఎక్కడ ఆనుతుందో దాన్ని బట్టి కదలిక ఎక్కువో తక్కువో అవుతుంది. రెండిటినీ మళ్లీ డిఫరెన్షియలే కలుపుతుంది. నాబ్‌తో 91.85 నిమిషాలకు అటూ ఇటూ 5 నిమిషాలు, అంటే 86.85 నుంచి 96.85 దాకా పెట్టుకోవచ్చు.

పద్మ_గణితం

ఆ హద్దులు ఊరికే పెట్టినవి కావు. వృత్తాకార కక్ష్య అనుకుంటే 86.85 నిమిషాలు సుమారు 118 కి.మీ. ఎత్తు, అక్కడ గాలి రాపిడికి నౌక ఒక్క చుట్టు కూడా నిలవడం కష్టం. 91.85 అంటే సుమారు 365 కి.మీ., 96.85 అంటే సుమారు 608. సోయుజ్ తిరిగే ఎత్తులన్నీ మధ్యలో ఇమిడిపోతాయి.

కొత్తరెక్క

నేను దీని నమూనా ఒకటి తయారుచేస్తున్నాను: 3డీ ప్రింటు గేర్లు, రెండు స్టెప్పర్ (అడుగు అడుగుగా తిరిగే) మోటార్లు. చుట్టు సమయంలో 0.1 నిమిషం తేడా ఉన్నా కంటికి తెలియదు, వదిలేయొచ్చు అనుకుంటున్నాను. సరేనా?

పద్మ_గణితం

వదిలేయకండి. నౌక కింద నేల నిమిషానికి సుమారు 436 కి.మీ. జారుతుంది. 0.1 నిమిషం తప్పంటే ఒక చుట్టుకు 44 కి.మీ. మొదటి చుట్టులో మీ గోళం మీద అర మిల్లీమీటరు కూడా కాదు, నిజమే. పది చుట్లయ్యాక 436 కి.మీ. అవుతుంది. 13 సెం.మీ. గోళం మీద 1 మి.మీ. అంటే 98 కి.మీ., కాబట్టి అప్పటికి నాలుగు మిల్లీమీటర్ల పైనే కనబడుతుంది. తప్పు తనంతట తాను తగ్గేది కాదు, చుట్టు చుట్టుకూ పేరుకుంటుంది. 0.01 నిమిషం తప్పు కూడా రోజు తిరిగేసరికి 70 కి.మీ. దాకా పోతుంది.

నమూనాలు చేసేవాళ్లు తరచూ చేసే ఇంకో పొరపాటు: భూమి షాఫ్టును సరిగ్గా 24 గంటలకు ఒక చుట్టు పెట్టడం. నక్షత్రాల లెక్కన భూమి 24 గంటల్లో 360.99° తిరుగుతుంది. అది ఒకటి. రెండోది, భూమి నడుము ఉబ్బు వల్ల కక్ష్య తలమే రోజుకు సుమారు 5° పడమటికి జరుగుతుంది (365 కి.మీ. ఎత్తు, 51.8° వాలు దగ్గర 5.07°). రెండూ కలిపితే కక్ష్య తలాన్ని బట్టి చూస్తే భూమి 24 గంటల్లో తిరిగేది సుమారు 366.06°. చుట్టు చుట్టుకూ భూమధ్యరేఖ దాటే చోటు పడమటికి 22.96° కాదు, 23.35° జరగాలి. తేడా 0.39°, అంటే 43 కి.మీ. సరిచేయకపోతే రోజులో 670 కి.మీ. పైనే. హైదరాబాద్ మీదుగా పోవాల్సిన గీత విశాఖపట్నం దాటి సముద్రంలో పడుతుంది.

కొత్తరెక్క

అర్థమైంది. అంటే స్టెప్పర్‌కు 24 గంటల బదులు 23 గంటల 36 నిమిషాలకు ఒక చుట్టు?

పద్మ_గణితం

అవును. 24 × 360 ÷ 366.06 = 23.60 గంటలు. ఎత్తు మారితే ఆ 5.07° కూడా కాస్త మారుతుంది. 220 కి.మీ. దగ్గర సుమారు 5.5°.

మెర్క్యురీ_ఏడు

అమెరికా వైపు కూడా ఒకటి ఉండేది, దాన్ని మరచిపోకూడదు. మెర్క్యురీ గుళికలో ‘భూపథ సూచిక’, హనీవెల్ తయారీ. 1962 ఫిబ్రవరి 20న జాన్ గ్లెన్ వెళ్లిన ఫ్రెండ్‌షిప్ 7లో ఉంది. ఇందులోనూ చిన్న గోళమే, దాని మీద గీతలే. నడిపే పద్ధతి మాత్రం వేరు: గడియారంలా కీ ఇచ్చి వదిలే స్ప్రింగు యంత్రం. గుళికలో కరెంటు పోయినా ఇది తిరుగుతూనే ఉంటుంది. గ్లోబస్‌కు ఆ ధీమా లేదు, పల్స్ ఆగితే అదీ ఆగుతుంది.

అయినా మెర్క్యురీ చివరి ప్రయాణాల్లో దాన్ని తీసేశారు. కారణం నాకు సబబుగానే కనిపిస్తుంది. కక్ష్య మార్చుకునే శక్తి మెర్క్యురీకి లేదు, ప్రపంచం చుట్టూ ట్రాకింగ్ కేంద్రాలు వేసుకున్నారు, బ్రేకు రాకెట్లు ఎప్పుడు వెలగాలో గడియారం సమయంగా భూమి నుంచే చెప్పేవారు. సోవియట్ కేంద్రాలు ఎక్కువగా సొంత గడ్డ మీదే, మిగతా చోట్ల ఓడలు. ఒక్కో చుట్టులో భూమితో మాట లేని భాగం చాలా ఎక్కువ. అందుకే అక్కడ గోళం నాలుగు దశాబ్దాలు నిలిచింది.

కొత్తరెక్క

అపోలో ప్యానెల్‌లోని నల్లబంతి కూడా ఇదే జాతా?

మెర్క్యురీ_ఏడు

కాదు. అది నౌక మొహం ఎటు ఉందో చూపే బంతి, జైరోల నుంచి వచ్చే కోణాలతో తిరుగుతుంది. దాని మీద ఖండాలు ఉండవు, డిగ్రీల గీతలే. అపోలోలో చోటు కనుక్కోవడం సెక్స్‌టెంట్‌తో (కోణాలు కొలిచే దూరదర్శినితో) నక్షత్రాలు చూసి కంప్యూటర్‌కు ఇవ్వడం, భూమి నుంచి రేడియో కొలతలు.

ఆకాశదీపం

గ్లోబస్‌లో అసలు ఉపయోగమంతా నా లెక్కన దిగే చోటు చూపే మీటలో ఉంది, దాని దగ్గరికి వద్దాం.

మామూలుగా అడ్డగీతల కింద ఉన్నది నౌక కింది నేల. మీటను ‘దిగే చోటు’ వైపు వేస్తే ఒక మోటారు గోళాన్ని కక్ష్య దారి వెంట ముందుకు తిప్పుతుంది, ముందుగా నాబ్‌తో పెట్టిన కోణం చేరగానే పరిమితి స్విచ్ తగిలి ఆగుతుంది. ఇప్పుడు అడ్డగీతల కింద కనిపించేది ‘ఈ క్షణంలో బ్రేకు వేస్తే దిగే నేల’. సముద్రమా, కొండలా, స్టెప్పీ మైదానమా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది. మీట వెనక్కి వేస్తే గోళం మళ్లీ నౌక కిందికి వస్తుంది.

ఆ కోణం ఎంత? గగారిన్ ప్రయాణంలో బ్రేకు ఇంజను వెలిగింది ఆఫ్రికా పడమటి తీరం దగ్గర, దిగే చోటికి సుమారు 8,000 కి.మీ. ముందు. భూమి చుట్టుకొలతలో అది 72°. సోయుజ్‌కు బ్రేకు దక్షిణ అట్లాంటిక్ మీద, దిగడం కజకిస్తాన్‌లో. అందుకే కోణం పెద్దది.

పళ్లచక్రం

అయితే ఇది చోటు చెబుతుందే గానీ ఆలస్యాన్ని సరిచేయదు. వోస్ఖోద్-2 అనే సోవియట్ నౌక సంగతి ఉదాహరణ. 1965 మార్చి 19న స్వయంచాలక దిశా వ్యవస్థ పనిచేయక వ్యోమగాములు బెల్యాయెవ్, లియొనోవ్ తర్వాతి చుట్టులో చేత్తో దింపాల్సి వచ్చింది. వ్జోర్‌లోకి చూడాలంటే కుర్చీలు వదలాలి, నౌక భారకేంద్రం చెదరకుండా ఇంజను వెలిగించాలంటే మళ్లీ కుర్చీల్లోకి రావాలి. ఈ మధ్యలో 46 సెకన్లు జారిపోయాయి. 46 సెకన్ల కదలికే 340 కి.మీ. దాకా. దిగింది అనుకున్న చోటికి సుమారు 386 కి.మీ. అవతల, పెర్మ్ ప్రాంతపు మంచు అడవిలో. కోణం, చుట్టు సమయం ఎంత కచ్చితంగా పెట్టినా, చేయి కదిలే క్షణం వేరే లెక్క.

పాతగడియారం

పాత గ్లోబస్ చేతికొచ్చినవాళ్ల కోసం కొన్ని జాగ్రత్తలు.

గోళాన్ని వేళ్లతో తిప్పొద్దు. అది ఇరుసుల మీద తేలుతున్న బొమ్మ కాదు, గేర్లతో కట్టేసి ఉంది. బలవంతం చేస్తే సన్న పళ్లు విరుగుతాయి, వాటికి విడి భాగాలు దొరకవు. స్థానం మార్చాలంటే నాబ్‌లే దారి.

సోలినాయిడ్‌కు 27 వోల్టులు నేరుగా ఇచ్చి అలాగే ఉంచొద్దు. అది లాగి వదలడానికి చేసిన చుట్ట, కరెంటు నిలిచి ఉంటే వేడెక్కి కాలుతుంది. సెకనుకు ఒక చిన్న పల్స్ వచ్చేలా సర్క్యూట్ కట్టి, ముందు తక్కువ వోల్టేజీతో చూసుకుంటూ పెంచండి.

పల్స్ వస్తోంది, టిక్కు మంటోంది, గోళం మాత్రం వెనకబడుతోంది అంటే ముందుగా అనుమానించాల్సింది ఎండిన గ్రీజును. రాట్చెట్ కొక్కెం మీద అది జిగురులా పడితే కొక్కెం పన్నులోకి పూర్తిగా దిగదు, కొన్ని పల్స్‌లు వృథా అవుతాయి. ఒక్క పల్స్ తప్పితే 7.3 కి.మీ. వెనకపడినట్టు. పరీక్ష తేలిక: 5,511 పల్స్‌లు లెక్కపెట్టి ఇచ్చి, 91.85 దగ్గర పెట్టిన యంత్రం అక్షాంశం డయల్ మొదలైన అంకెకే తిరిగొచ్చిందా చూడండి. రేఖాంశం డయల్‌తో చూడొద్దు, అది భూమి తిరుగుడు వల్ల ఎలాగూ పడమటికి జరిగి ఉంటుంది.

గ్రీజు తీసేటప్పుడు ద్రావకం గోళం రంగుకు తగలనివ్వొద్దు. కొత్తది వేస్తే గడియారాల నూనె చుక్క చాలు. ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్లీ మొదటికొస్తుంది.

కొత్తరెక్క

వెలుగు-నీడ చూపే డయల్ గురించి ఎవరూ చెప్పలేదు.

పళ్లచక్రం

నౌక ఎప్పుడు ఎండలోకి, ఎప్పుడు భూమి నీడలోకి వెళ్తుందో చూపే డయల్ అది. యంత్రం సూర్యుణ్ణి చూడదు. ఎండ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చేత్తో పెట్టాలి, కక్ష్య షాఫ్టు దాన్ని నడుపుతుంది. సూర్యుడు కక్ష్య తలంలోనే ఉంటే 91.85 నిమిషాల చుట్టులో నీడ సుమారు 36 నిమిషాలు. వ్జోర్‌తో సర్దుకోవాలంటే కింద వెలుగుండాలి, కాబట్టి చేత్తో దిగేటప్పుడు ఈ డయల్ చూడకుండా పని జరగదు.

ఆకాశదీపం

మన దేశంతో ముడి కూడా ఉంది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ వెళ్లింది సోయుజ్ టీ-11లో, గ్లోబస్ నడిచిన కాలంలోనే. ఏప్రిల్ 11న తిరిగొచ్చిన టీ-10 గుళిక ఢిల్లీ నెహ్రూ ప్లానిటోరియంలో ఉంది.

కొత్తరెక్క

చివరిగా ఒకటి. నమూనాను నిజమైన నౌకతో కలిపి మొదలుపెట్టాలంటే ఏ వరసలో సర్దాలి? అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం 51.6° కదా, 51.8° గోళం సరిపోతుందా?

పాతగడియారం

0.2° తేడా ఉత్తరాన పైకొసలో 22 కి.మీ., మీ గోళం మీద పావు మిల్లీమీటరు. సరిపోతుంది.

ముందు చుట్టు సమయం పెట్టండి. స్థానం పెట్టాక దాన్ని ముట్టుకుంటే శంకువు క్యామ్ చేయి కదిలి స్థానం చెదరొచ్చు.  తర్వాత కక్ష్య నాబ్. గోళం నడిచే దిక్కులోనే తిప్పుతూ, దక్షిణం నుంచి ఉత్తరానికి దాటే చోట భూమధ్యరేఖ దగ్గర ఆపండి. దాటిపోతే కొంచెం వెనక్కి లాగి వదిలేయకండి, గేర్ల మధ్య ప్లే (వదులు) అంతా అటువైపు చేరి మొదటి కొన్ని పల్స్‌లు కదలిక లేకుండా పోతాయి. ఒక పావు చుట్టు వెనక్కి పోయి మళ్లీ ముందుకు రండి. ఆ పైన భూమి షాఫ్టు తిప్పి, కేంద్రం భూమధ్యరేఖ దాటబోయే రేఖాంశాన్ని అడ్డగీతల కిందికి తెండి. అన్నీ సర్దాక కేంద్రం రేఖ దాటే సెకనుకు పల్స్ స్విచ్ వేయండి.

అడ్డగీతలు గుమ్మటం మీద, భూమి దాని కింద. కొంచెం పక్కకు వంగి చూసినా ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంటే 100 నుంచి 200 కి.మీ. తేడా కనిపిస్తుంది. ఒక కన్ను మూసి, గుమ్మటంలో మీ కనుపాప ప్రతిబింబం సరిగ్గా అడ్డగీతల మీద పడేలా తల పెట్టుకుని అప్పుడు చదవండి.